ఆల్ స్మిత్: ఒక గవర్నరు, ఒక ఓటమి, మిగిలిపోయిన ప్రశ్న

భారతదేశంలో పెరిగినవారికి గవర్నరు అనగానే రాజ్‌భవనమూ, రాష్ట్రపతి ఇచ్చిన నియామక పత్రమూ, మంత్రివర్గం సిద్ధం చేసిన ప్రసంగాన్ని సభలో చదివే ఒక పెద్దమనిషీ గుర్తుకు వస్తారు. అమెరికా రాష్ట్రాల గవర్నరు అటువంటివాడు కాడు. అతన్ని ఎవరూ నియమించరు. రాష్ట్ర ప్రజలంతా నేరుగా ఓటు వేసి ఎన్నుకుంటారు. పరిపాలనలో అతని స్థానం భారతదేశపు ముఖ్యమంత్రి స్థానానికి దగ్గరగా ఉంటుంది. అయితే శాసనసభలో తన పార్టీకి మెజారిటీ లేకపోయినా అతని పదవికి ఢోకా ఉండదు. సభ పంపిన బిల్లును తిప్పికొట్టే అధికారమూ, ఖైదీలకు క్షమాభిక్ష పెట్టే అధికారమూ అతని చేతిలో ఉంటాయి. ఒక్క మాటలో చెప్పాలంటే దేశాధ్యక్షుడు దేశానికి చేసే పనిని గవర్నరు చిన్న కొలతలో రాష్ట్రానికి చేస్తాడు. అందుకే ఆ పదవిని అధ్యక్ష పదవికి శిక్షణశాలగా భావించడం అక్కడ పరిపాటి. ఇంతవరకూ అధ్యక్షులైనవారిలో 17 మంది అంతకు ముందు ఏదో ఒక రాష్ట్రానికి గవర్నరుగా పనిచేసినవారే.

ఈ దారిలో న్యూయార్క్ రాష్ట్రానిది ప్రత్యేక స్థానం. మార్టిన్ వాన్ బ్యూరెన్, గ్రోవర్ క్లీవ్‌లాండ్, థియొడోర్ రూజ్‌వెల్ట్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ ఆ రాష్ట్రపు గవర్నర్లుగా పనిచేసి అధ్యక్షులయ్యారు. శామ్యూల్ టిల్డెన్, చార్ల్స్ ఇవాన్స్ హ్యూజ్, థామస్ డ్యూయీ అదే మెట్టు మీదనుంచి అంగవేసి అందుకోలేకపోయారు. ఓడినవారి ఈ రెండవ జాబితాలోనే ఆల్ఫ్రెడ్ ఇమాన్యుయెల్ స్మిత్ పేరు కూడా ఉంది. ఊరంతా అతన్ని ఆల్ స్మిత్ అనే పిలిచింది. నాలుగు సార్లు గవర్నరుగా గెలిచిన ఆయన 1928లో డెమొక్రటిక్ పార్టీ తరపున అధ్యక్ష పదవికి పోటీ చేసి ఘోరంగా ఓడిపోయాడు. ఒక ప్రధాన పార్టీ ఒక రోమన్ కాథలిక్కును అధ్యక్ష పదవికి నిలబెట్టడం అదే మొదటిసారి.

ప్రభుత్వ పదవులకు మతాన్ని అర్హతగా ఎన్నడూ కోరరాదని అమెరికా రాజ్యాంగంలోని ఆరవ అధికరణం స్పష్టంగా చెబుతుంది. చట్టం తెరిచి ఉంచిన తలుపును ఓటర్లు మూసి ఉంచగలరా, మూస్తే ఎంతకాలం అన్నది స్మిత్ జీవితం లేవనెత్తిన ప్రశ్న. వలస వచ్చిన వారికీ వారి పిల్లలకూ ఆ ప్రశ్న ఈనాటికీ పాతబడలేదు.

వంతెన నీడలో

స్మిత్ 1873 డిసెంబరు 30న న్యూయార్క్ నగరంలో, మన్‌హటన్ దీవికి ఆగ్నేయాన, రేవును ఆనుకుని ఉన్న సౌత్ స్ట్రీట్‌లో పుట్టాడు. ఆ ఇంటికి సమీపంలోనే అప్పుడు బ్రూక్లిన్ వంతెన కడుతున్నారు. అది పూర్తయి జనానికి తెరిచేనాటికి అతనికి తొమ్మిదేళ్ళు. తల్లి కేథరిన్ ఐరిష్ వలసదారుల బిడ్డ. తండ్రి గుర్రపు బండి మీద సరుకులు తోలి బతికేవాడు. తండ్రి తరపు వంశంలో ఇటాలియన్, జర్మన్ మూలాలున్నాయి. అయితే ఆ పేటలో స్మిత్‌ను అందరూ ఐరిష్ పిల్లవాడిగానే ఎరుగుదురు, తనను తాను కూడా అతను అలాగే తలచుకున్నాడు.

తండ్రి 1886లో చనిపోయాడు. స్మిత్ చర్చి బడిలో ఎనిమిదవ తరగతి పూర్తి కాకుండానే చదువు మానేశాడు. కొన్నాళ్ళు సరుకు బళ్ళ వెంట తిరిగే పనివాడుగా ఉండి, ఆ తరువాత ఫుల్టన్ చేపల బజారులో వారానికి 12 డాలర్ల జీతానికి కుదిరాడు. తెల్లవారక ముందే మొదలయ్యే పని అది. తరువాతి కాలంలో శాసనసభలో తోటి సభ్యులు తమ విశ్వవిద్యాలయ పట్టాల గురించి చెప్పుకుంటుంటే, తన పట్టా ఫుల్టన్ చేపల బజారుదని స్మిత్ నవ్వుతూ చెప్పేవాడు. హాస్యమే అయినా అందులో కొంత అభిమానమూ ఉంది, కొంత నొప్పీ ఉంది.

అతను పెరిగిన పేటను పాలించినది టామనీ హాల్. డెమొక్రటిక్ పార్టీకి నగరంలో ఉన్న ఆ యంత్రాంగం లంచగొండితనానికి పేరుమోసినది. కాని పడవ దిగిన వలసదారుకు పని చూపించేదీ, చలికాలంలో బొగ్గు పంపేదీ, ఇంట్లో చావు జరిగితే ఖర్చులకు చేయందించేదీ కూడా అదే. బదులుగా అది కోరేది ఓటు. ప్రభుత్వం పేదవాడి గుమ్మం దాకా రాని రోజుల్లో వార్డు నాయకుడు వచ్చేవాడు. టామ్ ఫోలీ అనే అటువంటి నాయకుడొకడు స్మిత్‌లోని మాటకారితనాన్ని గుర్తించాడు. కోర్టు విచారణలకు జ్యూరీ సభ్యులను పిలిపించే కార్యాలయంలో 1895లో అతనికి చిన్న ఉద్యోగం దొరికింది. 1903లో టామనీ అతన్ని రాష్ట్ర శాసనసభకు నిలబెట్టి గెలిపించింది.

చట్టం చదివిన పద్ధతి

రాజధాని ఆల్బనీలో తొలి రోజులు స్మిత్‌కు అవమానకరంగా గడిచాయి. బల్లమీద పోగుపడే బిల్లులలో ఒక్క వాక్యమూ అర్థమయ్యేది కాదు. టామనీ చెప్పినట్టు చెయ్యెత్తడం తప్ప వేరే పని లేదు. చాలామంది అంతటితో సరిపెట్టుకునేవారు. స్మిత్ మాత్రం రాత్రిళ్ళు గదిలో కూర్చుని బిల్లులు చదవడం మొదలుపెట్టాడు. ఏ శాఖకు ఎంత సొమ్ము, దేనికోసం, పాత చట్టంలో ఏ సెక్షను మారుతున్నది అన్నవి ఒక్కొక్కటే పట్టుకుంటూ పోయాడు. ఏడెనిమిదేళ్ళలో రాష్ట్ర బడ్జెటును అంతగా తెలిసినవాడు సభలో మరొకడు లేని స్థితి వచ్చింది. 1911లో సభలో తన పార్టీకి నాయకుడయ్యాడు, 1913లో సభాపతి అయ్యాడు. 1915లో రాష్ట్ర రాజ్యాంగాన్ని సవరించడానికి జరిగిన సభకు ఎలిహూ రూట్ అధ్యక్షత వహించాడు. దేశానికి విదేశాంగమంత్రిగా పనిచేసిన ఆ రిపబ్లికన్ పెద్దమనిషి కూడా రాష్ట్ర పరిపాలన గురించి స్మిత్‌కు ఉన్నంత జ్ఞానం ఇంకెవరికీ లేదని మెచ్చుకున్నాడు.

ఈలోగా జరిగిన ఒక దుర్ఘటన అతని రాజకీయాలను మార్చివేసింది. 1911 మార్చి 25న వాషింగ్టన్ స్క్వేర్ దగ్గర ఒక భవనం పై అంతస్తులలో ఉన్న ట్రయాంగిల్ దుస్తుల కర్మాగారానికి నిప్పంటుకుంది. బయటకు పోవలసిన తలుపొకటి తాళం వేసి ఉంది. అగ్నిమాపక దళం నిచ్చెనలు ఆరవ అంతస్తు దాటి పైకి చేరలేదు. 146 మంది చనిపోయారు. వారిలో ఎక్కువమంది యూదు, ఇటాలియన్ వలస కుటుంబాల పడుచు పిల్లలు. ఎందరో కిటికీలలోనుంచి దూకి వీధిలో పడి ప్రాణాలు విడిచారు. యజమానులపై నడిచిన కేసులో ఆ ఏడాది డిసెంబరులో జ్యూరీ వారిని నిర్దోషులుగా విడిచిపెట్టింది.

రాష్ట్ర ప్రభుత్వం నియమించిన కర్మాగారాల విచారణ సంఘానికి రాబర్ట్ వాగ్నర్ అధ్యక్షుడు, స్మిత్ ఉపాధ్యక్షుడు. దుర్ఘటనను కళ్ళారా చూసిన ఫ్రాన్సిస్ పెర్కిన్స్ ఆ సంఘం పనిలో పాలుపంచుకుంది. ఆమె వారిద్దరినీ ఊరూరా తిప్పి కర్మాగారాల లోపలి స్థితిని చూపించింది. పళ్ళూ కూరగాయలూ డబ్బాలకెత్తే కర్మాగారాలలో చిన్నపిల్లలు పనిచేయడం స్మిత్ అప్పుడు స్వయంగా చూశాడు. సంఘం సిఫార్సుల నుంచి నాలుగేళ్ళలో ముప్పైకి పైగా చట్టాలు పుట్టాయి. పని వేళల్లో తలుపులకు తాళం వేయరాదనీ, నిప్పు ప్రమాదాల నుంచి రక్షణ ఏర్పాట్లు ఉండాలనీ, స్త్రీల పనిగంటలకు పరిమితి ఉండాలనీ అవి నిర్దేశించాయి. వారానికొక విశ్రాంతి దినం ఇచ్చే చట్టం నుంచి డబ్బాల కర్మాగారాలకు మినహాయింపు కావాలని యజమానులు అడిగినప్పుడు, సబ్బాతు దినాన్ని పాటించమన్న దైవాజ్ఞను తాను శ్రద్ధగానే చదివాననీ, అందులో ఆ కర్మాగారాలకు మినహాయింపు ఎక్కడా కనబడలేదనీ స్మిత్ సభలో అన్నాడు.

పెర్కిన్స్ 1933లో దేశానికి కార్మికశాఖ మంత్రి అయింది. అమెరికా కేంద్ర మంత్రివర్గంలో తొలి మహిళ ఆమే. వాగ్నర్ సెనేటర్ అయ్యి 1935లో కార్మిక సంఘాల హక్కుల చట్టానికి తన పేరిచ్చాడు. ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కాలపు సంస్కరణలకు తొలి నమూనా న్యూయార్క్‌లో ఆ నాలుగేళ్ళలోనే తయారయిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

నాలుగు సార్లు గవర్నరు

1918లో స్మిత్ మొదటిసారి గవర్నరుగా గెలిచాడు. అప్పట్లో ఆ పదవీకాలం రెండేళ్ళు. 1920లో రిపబ్లికన్ల ప్రభంజనం దేశమంతా వీచింది. న్యూయార్క్‌లో డెమొక్రటిక్ అధ్యక్ష అభ్యర్థి పది లక్షల పైచిలుకు ఓట్ల తేడాతో ఓడిపోగా, స్మిత్ ఓడినది సుమారు 75 వేల తేడాతోనే. ఆ ఓటమి అతని బలాన్నే చూపించింది. 1922, 1924, 1926లలో వరసగా మూడుసార్లు గెలిచాడు. 1924లో అతని చేతిలో ఓడినవాడు మాజీ అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ కుమారుడు.

గవర్నరుగా స్మిత్ చేసిన పనులలో అతి ముఖ్యమైనది చూడడానికి చప్పగా ఉంటుంది: శాఖల పునర్వ్యవస్థీకరణ. అతను వచ్చేనాటికి రాష్ట్రంలో 180కి పైగా సంస్థలు, బోర్డులు, సంఘాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా నడిచేవి. ఎవరికి ఎవరు జవాబుదారీయో తెలిసేది కాదు. బెల్ మాస్కొవిట్జ్ అనే సాంఘిక సేవకురాలు ఇచ్చిన సలహాతో స్మిత్ 1919లో ఒక పునర్నిర్మాణ సంఘాన్ని ఏర్పరిచాడు. రాబర్ట్ మోజెస్ అనే యువ అధికారి దానికోసం నివేదిక తయారుచేశాడు. ఆ సంస్థలన్నిటినీ ఇరవై లోపు శాఖలుగా కుదించడానికీ, బడ్జెటును గవర్నరే తయారుచేసి సభ ముందుంచే పద్ధతి తేవడానికీ స్మిత్‌కు ఎనిమిదేళ్ళు పట్టింది. శాసనసభ ఎక్కువ కాలం రిపబ్లికన్ల చేతిలోనే ఉండేది. అందుకని అతను రేడియోలోనూ బహిరంగసభలలోనూ లెక్కలు విప్పి నేరుగా ప్రజలకే చెప్పేవాడు. అంకెలను వీధిభాషలో చెప్పగలగడం అతని విద్య. ప్రజా ఉద్యానవనాలూ, తక్కువ అద్దె ఇళ్ళకు తోడ్పడే చట్టమూ, జలవిద్యుత్తు ప్రజల సొత్తుగానే ఉండాలన్న పట్టుదలా ఆ కాలంలోవే.

పౌరహక్కుల విషయంలో అతని నడత మరింత గట్టి పరీక్షకు నిలిచింది. మొదటి ప్రపంచయుద్ధం తరువాత వామపక్షాల పట్ల దేశంలో భయం వ్యాపించినప్పుడు, 1920లో న్యూయార్క్ శాసనసభ సక్రమంగా ఎన్నికైన ఐదుగురు సోషలిస్టు సభ్యులను బహిష్కరించింది. వారి భావాలతో తనకు ఏకీభావం లేకపోయినా స్మిత్ ఆ చర్యను బహిరంగంగా ఖండించాడు. ఉపాధ్యాయుల రాజభక్తిని ఆరాతీసే బిల్లులను తిప్పికొట్టాడు. తరువాతి గవర్నరు అటువంటి చట్టాలను తెస్తే, 1923లో తిరిగివచ్చి వాటిని రద్దు చేయించాడు. ఆ ఏడాదే మరొక చట్టం మీద సంతకం చేశాడు. అది కూ క్లక్స్ క్లాన్ వంటి రహస్య సంఘాలు తమ సభ్యుల జాబితాను ప్రభుత్వానికి సమర్పించాలని కోరేది.

మూసుకుంటున్న దేశం

ఆ క్లాన్ అప్పుడు ఏ స్థితిలో ఉన్నదో తెలిస్తే తప్ప తరువాతి కథ బోధపడదు. అంతర్యుద్ధం తరువాత నల్లజాతివారి మీద దాడులు చేసిన పాత క్లాన్ పేరుతో 1915లో పుట్టిన కొత్త క్లాన్, 1920ల నడుమ లక్షల సభ్యత్వంతో ఉత్తరాది రాష్ట్రాలకు కూడా పాకింది. నల్లజాతివారితో పాటు కాథలిక్కులను, యూదులను, వలసదారులందరినీ అది శత్రువులుగా ప్రకటించింది. 1924లో వచ్చిన వలస చట్టం 1890 జనాభా లెక్కలను కొలతగా పెట్టుకుని, దక్షిణ, తూర్పు ఐరోపాల నుంచి వచ్చేవారిని దాదాపుగా ఆపివేసింది. భారతీయుల రాకను అంతకు ముందే 1917 చట్టం అడ్డుకున్నది. 1923 ఫిబ్రవరిలో భగత్ సింగ్ థిండ్ కేసులో సుప్రీం కోర్టు భారతీయులు సామాన్య జనుల అవగాహన ప్రకారం తెల్లవారు కారనీ, కనుక పౌరసత్వానికి అనర్హులనీ తీర్పు చెప్పింది. అప్పటికే పౌరసత్వం పొందిన పలువురు భారతీయులు దానిని కోల్పోయారు. స్మిత్ ఎదుర్కొన్న వ్యతిరేకతా థిండ్ ఎదుర్కొన్న తీర్పూ ఒకే గాలిలో పుట్టినవి.

1924 వేసవిలో డెమొక్రటిక్ పార్టీ జాతీయ సభ న్యూయార్క్‌లోనే, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగింది. క్లాన్‌ను పేరుపెట్టి ఖండించాలన్న తీర్మానం వెయ్యికి పైగా ఓట్లలో సుమారు ఒక్క ఓటు తేడాతో వీగిపోయింది. అభ్యర్థిత్వానికి మూడింట రెండు వంతుల మద్దతు కావాలన్నది అప్పటి నియమం. దక్షిణాది, పశ్చిమాది పల్లెల ప్రతినిధులు విలియం మెకడూ వెనుక, నగరాల ప్రతినిధులు స్మిత్ వెనుక నిలిచి ఎవరూ తగ్గలేదు. స్మిత్ పేరును ప్రతిపాదిస్తూ ప్రసంగించినవాడు పోలియో నుంచి తేరుకుంటూ ఊతకర్రల సాయంతో వేదిక ఎక్కిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్. ఓటింగు 103 విడతలు సాగింది. అలసిపోయిన సభ చివరికి జాన్ డేవిస్‌ను ఎన్నుకున్నది. ఆయన నవంబరులో చిత్తుగా ఓడిపోయాడు.

ఒక లేఖ, ఒక జవాబు

1928లో స్మిత్‌ను ఆపడం పార్టీకి సాధ్యం కాదని ముందే తేలిపోయింది. మతం ప్రశ్న కూడా ముందే బయటపడింది. 1927 ఏప్రిల్‌లో అట్లాంటిక్ మంత్లీ పత్రిక చార్ల్స్ మార్షల్ అనే న్యాయవాది రాసిన బహిరంగ లేఖను ప్రచురించింది. లేఖ మర్యాదగానే ఉంది. చర్చి అధికారం గురించి పోపులు జారీచేసిన శాసనాలను ఉదహరించి, చర్చి ఆదేశానికీ రాజ్యాంగానికీ వైరుధ్యం వస్తే కాథలిక్కు అయిన అధ్యక్షుడు దేనికి కట్టుబడతాడని మార్షల్ అడిగాడు.

ఆ శాసనాల పేర్లే తాను ఎన్నడూ వినలేదని స్మిత్ మిత్రులతో వాపోయినట్టు ప్రతీతి. న్యాయమూర్తి జోసెఫ్ ప్రాస్కావర్, మొదటి ప్రపంచయుద్ధంలో సైన్యంతో నడిచి పేరు పొందిన ఫాదర్ ఫ్రాన్సిస్ డఫీ సాయంతో అతను జవాబు తయారుచేశాడు. ఒక యూదు న్యాయమూర్తీ ఒక కాథలిక్ పూజారీ కలిసి ఆ జవాబుకు తోడ్పడటమే ఆ పట్టణ రాజకీయాలకు ఒక ఉదాహరణ. జవాబు మే నెల సంచికలో వచ్చింది. తాను పందొమ్మిది సార్లు పదవీ ప్రమాణం చేశాననీ, విశ్వాసానికీ విధికీ మధ్య ఒక్కసారి కూడా పేచీ రాలేదనీ స్మిత్ రాశాడు. తన మంత్రివర్గంలో అధికులు ప్రొటెస్టెంటులేనని గుర్తుచేశాడు. చర్చినీ రాజ్యాన్నీ పూర్తిగా వేరుగా ఉంచడాన్నీ, అందరి అంతరాత్మకూ సమాన స్వేచ్ఛనూ తాను నమ్ముతానని ప్రకటించాడు.

వాదం వాదంగా చూస్తే స్మిత్ గెలిచాడు. కాని ఆ లేఖలో ఒక అసమానత ఉంది. అతని ప్రత్యర్థి కాబోయే హెర్బర్ట్ హూవర్ క్వేకరు. యుద్ధం కూడదనడం క్వేకర్ల మతసిద్ధాంతం. సర్వసైన్యాధిపతి కాబోయే మనిషిని ఆ సిద్ధాంతం ఏమి చేస్తుందన్న ప్రశ్న ఎదుర్కోవలసిన అగత్యం హూవర్‌కు స్మిత్‌కు వచ్చినట్టుగా రాలేదు. అల్పసంఖ్యాకుల మీద పడే భారం ఇదే: అనుమానించేవాడు రుజువు చూపనక్కరలేదు, అనుమానానికి గురైనవాడే తన నిర్దోషిత్వాన్ని రుజువు చేసుకోవాలి.

1928

జూన్‌లో హ్యూస్టన్ నగరంలో జరిగిన సభ మొదటి విడతలోనే స్మిత్‌ను ఎన్నుకున్నది. దక్షిణాదిని ఊరడించడానికి ఆర్కన్సా సెనేటరు జోసెఫ్ రాబిన్సన్‌ను ఉపాధ్యక్ష అభ్యర్థిగా నిలిపారు. అతను ప్రొటెస్టెంటు, మద్యనిషేధ సమర్థకుడు. స్మిత్ మద్యనిషేధాన్ని బాహాటంగా వ్యతిరేకించేవాడు.

ప్రచారం జోరందుకునేకొద్దీ అతన్ని గురించి వింత వదంతులు వ్యాపించాయి. హడ్సన్ నది కింద అప్పుడే పూర్తయిన హాలండ్ సొరంగం ఫొటో చూపించి, అది వాటికన్ దాకా పోతుందని చెప్పినవారు ఉన్నారు. ఓక్లహామాకు పోతుండగా రైలు కిటికీలోనుంచి మైదానంలో మండుతున్న శిలువలు కనబడ్డాయి. సెప్టెంబరు 20న ఓక్లహామా సిటీలో స్మిత్ ఈ విషయాన్ని సూటిగా ఎత్తుకుని, తన మతం కారణంగా తనకు ఓటు వేయనివాడు మంచి పౌరుడు కాడనీ, తన మతం కారణంగా మాత్రమే ఓటు వేసే కాథలిక్కు కూడా అంతేననీ అన్నాడు. దక్షిణాది మెథడిస్టు బిషప్ జేమ్స్ కానన్ అతనికి వ్యతిరేకంగా తన వర్గమంతటినీ కూడగట్టాడు. కేంద్ర న్యాయశాఖలో ఉన్నతాధికారిణి మేబెల్ విల్లెబ్రాండ్ ఒహాయోలో మెథడిస్టు బోధకుల సభలో మాట్లాడుతూ, స్మిత్‌ను ఓడించవలసిందిగా కోరింది. హూవర్ స్వయంగా మతం ఊసెత్తలేదు.

మతమొక్కటే అడ్డు అనడం సరి కాదు. దేశం అప్పుడు సిరిసంపదలతో తులతూగుతున్నది. ఆ ఏడు ఏ డెమొక్రాటూ గెలిచేవాడు కాడని చరిత్రకారుడు రిచర్డ్ హాఫ్‌స్టాటర్ వాదించాడు. ఓట్ల గణాంకాలను పరిశీలించిన ఆలన్ లిక్ట్‌మన్ మాత్రం ఓటర్లను విడదీసిన కారణాలన్నిటిలో మతమే ప్రధానమని తేల్చాడు. ఈ రెండు మాటలూ పరస్పర విరుద్ధాలు కావు. ఓటమిని నిర్ణయించినది ఆర్థిక స్థితి కావచ్చు, ఆ ఓటమి ఎక్కడ ఎలా పడిందో నిర్ణయించినది మతం. స్మిత్ లోపాలు కూడా ఉన్నాయి. అతను ఎన్నడూ న్యూయార్క్ యాసను వదలలేదు, గోధుమరంగు డెర్బీ టోపీని వదలలేదు. 'సైడ్‌వాక్స్ ఆఫ్ న్యూయార్క్' పాటనే ప్రచారగీతంగా ఉంచుకున్నాడు. వీటిని నిజాయితీ అని నగరాలు మెచ్చుకున్నాయి, మిడిసిపాటు అని పల్లెలు అర్థం చేసుకున్నాయి. దక్షిణాది తెల్లవారు దూరమవుతారన్న జంకుతో నల్లజాతి ఓటర్లను బహిరంగంగా కలుపుకొనే సాహసం కూడా అతను చేయలేదు. తన మీద వివక్షను అంత స్పష్టంగా చూసినవాడు ఆ విషయంలో వెనుకాడడం అతని జీవితంలో చెప్పుకోదగ్గ వెలితి.

నవంబరులో హూవర్‌కు 58 శాతం, స్మిత్‌కు 41 శాతం ఓట్లు వచ్చాయి. ఎలెక్టోరల్ ఓట్లు 444, 87. స్మిత్ గెలిచినవి ఎనిమిది రాష్ట్రాలు మాత్రమే. వాటిలో ఆరు దక్షిణాదివి, తక్కిన రెండు కాథలిక్కులు ఎక్కువగా ఉన్న మసాచుసెట్స్, రోడ్ ఐలండ్. దశాబ్దాలుగా డెమొక్రాట్లను వదలని టెక్సస్, వర్జీనియా, ఫ్లోరిడా, నార్త్ కరొలైనా కూడా హూవర్ వైపు మళ్ళాయి. నాలుగుసార్లు గవర్నరుగా గెలిపించిన న్యూయార్క్ రాష్ట్రం సైతం లక్షకు పైగా ఓట్ల తేడాతో స్మిత్‌ను కాదన్నది. అదే రోజున అదే రాష్ట్రంలో గవర్నరు పదవికి నిలబడిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ పాతిక వేల పైచిలుకు తేడాతో గట్టెక్కాడు. అతన్ని బలవంతపెట్టి పోటీకి దింపినవాడు స్మితే.

ఓటమి అడుగున

ఎన్నికల పటాన్ని మాత్రమే చూస్తే ఇది సంపూర్ణ పరాజయం. అంకెల లోతుకు పోతే వేరొక దృశ్యం కనబడుతుంది. 1924లో డేవిస్‌కు వచ్చిన ఓట్లు 84 లక్షలు. 1928లో స్మిత్‌కు వచ్చినవి కోటీ యాభై లక్షలు. 1920లో దేశంలోని పన్నెండు పెద్ద నగరాల ఓట్లన్నీ కలిపితే రిపబ్లికన్లకు 16 లక్షలకు పైగా ఆధిక్యం ఉండేది. 1928లో ఆ నగరాలు డెమొక్రాట్లకు 38 వేల ఆధిక్యం ఇచ్చాయని శామ్యూల్ లుబెల్ 1952లో లెక్కగట్టి చూపించాడు. రూజ్‌వెల్ట్ విప్లవానికి ముందు ఆల్ స్మిత్ విప్లవం ఒకటి జరిగిందని అతని నిర్ధారణ. రాజకీయ శాస్త్రవేత్త వి. ఓ. కీ 1955లో న్యూ ఇంగ్లండ్ పట్టణాల ఓట్లను పరిశీలించి, అక్కడ ఓటర్ల విధేయతలు స్థిరంగా మారినది 1928లోనేనని చూపాడు. వలసదారుల పిల్లలు, ముఖ్యంగా వారి ఇళ్ళలోని స్త్రీలు, పోలింగు కేంద్రాలకు పెద్దయెత్తున వచ్చిన ఎన్నిక అది. స్మిత్ పేరు చూసి వచ్చినవారు అతను ఓడిన తరువాత వెనక్కి పోలేదు.

ఆ తరంలోని న్యూయార్క్ డెమొక్రాట్లలో ఒకడైన ఇమాన్యుయెల్ సెల్లర్ పేరు ఇక్కడ తలచుకోవాలి. బ్రూక్లిన్ నుంచి 1922లో కాంగ్రెసుకు ఎన్నికైన ఆయన 1924 వలస చట్టాన్ని సభలో గట్టిగా ఎదిరించి ఓడిపోయాడు. 1946లో భారతీయులకు పౌరసత్వపు హక్కును తిరిగి ఇచ్చిన లూస్-సెల్లర్ చట్టంలోనూ, 1965లో దేశాలవారీ కోటాలను తొలగించిన హార్ట్-సెల్లర్ చట్టంలోనూ ఉన్న పేరు ఆయనదే. ఆ రెండవ చట్టం తెరిచిన దారినే తెలుగు డాక్టర్లూ, ఇంజనీర్లూ అమెరికాకు పెద్ద సంఖ్యలో వచ్చారు. ఓడిపోయిన వాదాలు నలభై ఏళ్ళ పాటు ఓర్పుగా నిలబడి గెలిచిన సందర్భం అది. ఆ ఓర్పుకు ఓట్ల బలం ఇచ్చినది 1928 నాటి నగరాల సమీకరణమే.

చివరి అంకం

స్మిత్ తరువాతి జీవితం అంత సంతోషంగా సాగలేదు. మిత్రుడు జాన్ రాస్కాబ్‌తో కలిసి ఎంపైర్ స్టేట్ భవనాన్ని కట్టే కంపెనీకి అధ్యక్షుడయ్యాడు. 102 అంతస్తుల ఆ భవనం 1931 మే 1న ప్రారంభమైనప్పుడు వాషింగ్టన్‌లో మీట నొక్కి దీపాలు వెలిగించినవాడు హూవరే. ఆర్థిక మాంద్యంలో అద్దెకు వచ్చేవారు లేక ఆ భవనం ఏళ్ళ తరబడి ఖాళీగా ఉండి పరిహాసాల పాలయింది.

గవర్నరైన రూజ్‌వెల్ట్ తనను సంప్రదిస్తూ ఉంటాడని స్మిత్ ఆశించాడు. రూజ్‌వెల్ట్‌కు అది ఇష్టం లేకపోయింది. 1932లో అభ్యర్థిత్వం కోసం ఇద్దరూ తలపడగా, నాలుగవ విడతలో రూజ్‌వెల్ట్ గెలిచాడు. 1928లో ఓడిన పార్టీ, మాంద్యం పుణ్యమా అని, మరొకరి నాయకత్వంలో అధికారానికి రావడం స్మిత్‌ను లోలోపల కోసివేసింది. తాను ఆల్బనీలో తొక్కిన దారినే రూజ్‌వెల్ట్ దేశవ్యాప్తం చేస్తుంటే, స్మిత్ సంపన్నుల ముఠాగా పేరుపడ్డ లిబర్టీ లీగ్‌లో చేరి, 1936 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక విందులో ఆ సంస్కరణలను తూర్పారబట్టాడు. ఆ ఏడూ, 1940లోనూ రిపబ్లికన్ అభ్యర్థులనే సమర్థించాడు. కేంద్ర ప్రభుత్వం చేతిలో అంత అధికారం కూడదన్న భయం అతనికి నిజంగానే ఉంది, దాని వెనుక గాయపడ్డ అభిమానమూ ఉంది. ఏది ఎంత పాలన్న విషయంలో జీవితచరిత్రకారులు ఏకీభవించలేదు. 1944 అక్టోబరు 4న, భార్య పోయిన అయిదు నెలలకు, అతను కన్నుమూశాడు. మతాధికారి కానివారికి అరుదుగా దక్కే గౌరవంగా, భౌతికకాయాన్ని సెయింట్ పాట్రిక్ కథీడ్రల్‌లో ప్రజల దర్శనార్థం ఉంచారు.

1960 సెప్టెంబరు 12న జాన్ కెనెడీ ప్రొటెస్టెంటు బోధకుల ముందు నిలబడి తన కాథలిక్ విశ్వాసం గురించి సంజాయిషీ ఇచ్చుకున్నాడు. ఆ సభ జరిగినది స్మిత్‌ను అభ్యర్థిగా ఎన్నుకున్న హ్యూస్టన్‌లోనే. చెప్పిన జవాబు కూడా 1927 నాటి జవాబే. ఈసారి చెప్పినవాడు గెలిచాడు. ఆ తరువాత ప్రశ్న ఇతరుల వైపు మళ్ళింది. మసాచుసెట్స్ మాజీ గవర్నరు మిట్ రామ్నీ 2007 డిసెంబరులో టెక్సస్‌లోనే తన మార్మన్ విశ్వాసం గురించి అటువంటి ప్రసంగమే చేయవలసి వచ్చింది.

భారతీయ సంతతికి చెందిన ఇద్దరు ఇంతవరకూ గవర్నర్లుగా పనిచేసి అధ్యక్ష పదవికి పోటీ పడ్డారు. లూసియానా గవర్నరు బాబీ జిందాల్ 2016 ఎన్నికకు, సౌత్ కరొలైనా మాజీ గవర్నరు నికీ హేలీ 2024 ఎన్నికకు రిపబ్లికన్ అభ్యర్థిత్వం కోరారు. హిందూ కుటుంబంలో పుట్టిన జిందాల్ యవ్వనంలోనే కాథలిక్కయ్యాడు. సిక్కు కుటుంబంలో పుట్టిన హేలీ మెథడిస్టు చర్చిలో చేరింది. ఒకరి విశ్వాసానికి కారణాలు వెతకడం ఇతరుల పని కాదు. అయితే స్మిత్ మోసిన అనుమానమే ఈనాడు జిందాల్‌కు రక్షణ కావడం గమనించదగ్గది: 1928లో అధ్యక్ష భవనానికి అడ్డుగా నిలిచిన కాథలిక్ విశ్వాసం తొంభై ఏళ్ళు తిరగక ముందే అభ్యర్థికి అమెరికన్ గుర్తింపుగా మారిపోయింది. పుట్టిన మతాన్ని అట్టే ఉంచుకుని, హిందూ దేవాలయానికో గురుద్వారాకో పోయే గవర్నరు ఒకరు ఒక ప్రధాన పార్టీ అభ్యర్థిగా దేశమంతటినీ ఓటు అడిగే రోజు ఇంకా రాలేదు. అది వచ్చినప్పుడు మార్షల్ లేఖ మరొక పేరుతో మళ్ళీ వస్తుంది. దానికి రాయవలసిన జవాబు ముసాయిదా 1927 మే నెల నుంచి సిద్ధంగానే ఉంది.